ఈనే ముందే తల్లికి నట్టల మందు తాగించాను, అయినా దూడలు ఎందుకు దక్కడం లేదు?

పాకాల పాడి
ఆగస్టు 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర, పాకాల చెరువు ఆయకట్టు కింద ఉన్న ఊరు. నాలుగు బర్రెలు ఉన్నాయి. రెండేళ్లలో మూడు దూడలు పోయాయి. మూడూ నెల, నెలన్నర వయసులోనే. పుట్టినప్పుడు ఏ లోపమూ ఉండదు, చెంగుచెంగున దూకుతూ తిరుగుతాయి. ఇరవై రోజులు దాటాయో లేదో వెంట్రుకలు గరుకెక్కి నిలబడతాయి, నడుము ఎముకలు తేలి కడుపు మాత్రం కుండలా ఉబ్బుతుంది, పేడ తెల్లటి బంకమట్టిలా జారుతుంది. ఆ కంపు భరించలేం. పోయినసారి దూడ చచ్చిపోయాక మా అత్తమ్మ వారం రోజులు కొట్టంలో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు పెద్ద బర్రెకు జూలై 15న పెయ్య దూడ పుట్టింది. ఇవాళ్టికి 25 రోజులు. నిన్న సాయంత్రం నుంచి అదే తెల్లటి పారుడు మొదలైంది. దాని మూతి దగ్గర ముఖం పెడితే ముక్కిన వెన్న వాసన వస్తోంది. పాలు తాగుతోంది కానీ పొదుగును కుమ్మే బలం లేదు.

నాకు అంతుపట్టనిది ఒకటే. ఈనడానికి పదిహేను రోజుల ముందు తల్లికి నట్టల మందు తాగించాను. సీసా మొత్తం నా చేతులతోనే పోశాను. తల్లి కడుపులో నట్టలు లేనప్పుడు దూడకు ఎక్కడి నుంచి వస్తున్నాయి? అసలు ఇవి నట్టలేనా? ఈ దూడ కూడా పోతే బర్రె సరిగా చేపదు, పాలు సగానికి పడిపోతాయి. దయచేసి తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.


చెరువుకట్ట
ఆగస్టు 9, రాత్రి 10:05

అమ్మా, ధైర్యంగా ఉండండి. మాది వర్ధన్నపేట. నలభై ఏళ్లుగా ఇంట్లో పాడి ఉంది. ఇలాంటి పారుడు పడితే వేపాకు నూరి, వాయువిడంగాల పొడి మజ్జిగలో కలిపి తాగించేవాళ్లం. కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. ముర్రుపాలు ఎక్కువగా తాగించారా? మా నాన్న మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. ముర్రుపాలు అరగక పారుడు పడుతుందనేవాడు. దూడ మట్టి నాకుతోందేమో కూడా చూడండి.


జమ్మికుంట రైతు
ఆగస్టు 9, రాత్రి 10:30

అక్కా, ఐవర్‌మెక్టిన్ సూది తల్లికి ఒకటి, దూడకు ఒకటి వేయించండి. నట్టలు, పిడుదులు, పేలు అన్నీ ఒకే సూదితో పోతాయి. నేను ఆరు బర్రెలకు ఏటా రెండుసార్లు వేయిస్తాను. వేరే ఆలోచనే అక్కర్లేదు.


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 9, రాత్రి 11:15

నేను పశువైద్యుడిగా పనిచేసి విరమణ పొందాను. ఎక్కువ కాలం కరీంనగర్ వైపు మండలాల్లోనే ఉన్నాను. అమ్మా, ముందు ఈ రాత్రి చేయాల్సింది చెబుతాను, మిగతా వివరం తర్వాత.

పాలు మాన్పించకండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర కలిపి, పాలకు పాలకు మధ్య కొద్దికొద్దిగా తాగించండి. పాలలో కలపవద్దు. దూడ కింద పొడి గడ్డి వేసి, చలిగాలి తగలకుండా చూడండి. తెల్లవారగానే మీ ఊరి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. వీలుకాకపోతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. నీరసించిన దూడకు ఇంట్లో ఏదో ఒక నట్టల మందు పోయవద్దు. కడుపు నిండా పెద్ద నట్టలు ఉంటే, చచ్చినవన్నీ ఉండ చుట్టుకుని పేగుకు అడ్డం పడతాయి. ముందు దూడను నిలబెట్టి, బరువు చూసి, ఆ తర్వాతే మందు.

ఇక మీ ప్రశ్న. మీరు చెప్పిన వయసు, తెల్లటి పారుడు, ముక్కిన వెన్న వాసన, గరుకు వెంట్రుకలు, ఈ నాలుగూ కలిస్తే నా మనసు ఏలికపాముల మీదికే పోతుంది. పేడ పరీక్షతో రూఢి చేసుకోవాలి. గేదె దూడల్లో వచ్చే ఈ ఏలికపామును టాక్సోకారా విటులోరమ్ అంటారు. ఆడ పురుగు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నెల రోజుల దూడ చిన్న పేగులో అలాంటివి పదుల సంఖ్యలో ఉంటే దానికి తాగిన పాలు ఏమి మిగులుతాయి?

ఇది దూడలోకి వచ్చే దారి పాలు. గేదె కొట్టంలో నేలను, గోడను, దూడను నాకినప్పుడు ఈ నట్ట గుడ్లు దాని కడుపులోకి పోతాయి. పెద్ద పశువులో అవి పేగులో పెరగవు. పొదిగిన పిల్ల పురుగులు కార్జం, ఊపిరితిత్తులు, కండరాల్లోకి చేరి నిద్రపోయినట్లు ఉండిపోతాయి. ఈనే సమయం దగ్గర పడగానే కదిలి పొదుగుకు చేరతాయి. ఈనిన మొదటి రోజు నుంచి దాదాపు పది రోజుల దాకా పాలలో దిగుతాయి. దూడ పేగులో మూడు నాలుగు వారాలకు పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

మీరు ఈనే ముందు తాగించిన మందు తల్లి పేగులోని నట్టల మీద పనిచేసి ఉండవచ్చు. కండరాల్లో నిద్రపోతున్న ఈ పిల్ల పురుగుల జోలికి అది పోలేదు. తల్లికి మందు వేశాం కదా అని మీరు నిశ్చింతగా ఉన్నారు, ప్రమాదం మాత్రం దూడలో పెరిగింది. ఇందులో మీ తప్పు లేదు. ఈ మాట మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.


పాకాల పాడి
ఆగస్టు 9, రాత్రి 11:40

డాక్టర్ గారూ, రెండేళ్లుగా ఎంతమందిని అడిగానో. పారుడు తగ్గే బిళ్లలు ఇచ్చారు, బలం సూదులు వేశారు. పాల దారిన వస్తాయని మాత్రం ఇవాళే వింటున్నాను. ఉప్పు చక్కెర నీళ్లు తాగించాను, అర లీటరు తాగింది. పొద్దున్నే బయలుదేరుతాను.


జమ్మికుంట రైతు
ఆగస్టు 10, ఉదయం 6:10

డాక్టర్ గారు చెప్పింది చదివాను. పాలలోనే వస్తాయంటే మొదటి పది రోజులు తల్లి పాలు ఆపేసి డబ్బా పాలు పోస్తే సరిపోతుంది కదా? చెరువుకట్ట పెద్దాయన వాళ్ల నాన్నగారు ముర్రుపాలు ఆపింది కూడా అందుకేనేమో.


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 10, ఉదయం 7:30

వద్దు, దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి.

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. ఆవు, గేదె దూడకు మాయ గుండా అది అందదు. అదంతా ముర్రుపాలలోనే ఉంటుంది. దూడ పేగు ఆ రక్షకాలను నేరుగా రక్తంలోకి పీల్చుకునేది కూడా మొదటి రోజే. గంటలు గడిచేకొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. అందుకే పుట్టిన గంట, రెండు గంటల్లో మొదటి విడత తాగాలి. 30 కిలోల దూడకు మొదటి రోజు మొత్తం మీద 3 లీటర్ల ముర్రుపాలు అందాలి. మాయ పడేదాకా ఆగడం వల్ల పోయిన దూడలను నా ఉద్యోగంలో లెక్కలేనన్ని చూశాను. నట్ట నెల రోజుల తర్వాత చంపుతుంది. ముర్రుపాలు తాగని దూడను మామూలు పారుడు వారంలోనే చంపేస్తుంది. పైగా దూడ చీకితే తల్లికి మాయ కూడా త్వరగా పడుతుంది.

పాలతో వచ్చిన పురుగును దూడ పేగులోనే పట్టుకోవాలి, అదీ పెద్దది కాకముందే. పదో రోజు నుంచి పదహారో రోజు లోపల దూడకు ఒకసారి మందు పడాలి. అప్పటికి పాలలో దిగాల్సినవి దాదాపు దిగిపోయి ఉంటాయి. పురుగులు ఇంకా చిన్నవి, గుడ్లు పెట్టే వయసు రాలేదు. పైపరజీన్ అందుకు పాత, నమ్మకమైన మందు. పైరాంటెల్, ఫెన్‌బెండజోల్ కూడా వాడతారు. ఏది, ఎంత అన్నది దూడ బరువును బట్టి మీ డాక్టరు రాస్తారు.

ఐవర్‌మెక్టిన్ గురించి. అది మంచి మందే. కనిపెట్టిన శాస్త్రవేత్తలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ పాలిచ్చే పశువుకు వేస్తే ఆ మందు చాలా రోజులు పాలలో దిగుతుంది. ఆ పాలు పిల్లలు తాగుతారు. కార్జంలో, పొట్టలో చేరే జలగల (ఫ్లూక్ పురుగులు, నీళ్లలో ఉండే జలగలు కావు) మీద, బద్దె పురుగుల మీద అది అసలు పనిచేయదు. తమ్ముడూ, మీరు వేయించిన రోజుల్లో పాలు ఏం చేశారు?


జమ్మికుంట రైతు
ఆగస్టు 10, ఉదయం 8:45

కేంద్రానికే పోశాం, డాక్టర్ గారూ. ఎవరూ వద్దనలేదు, సీసా మీద చదివే అలవాటు మాకు లేదు. మా ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఆ పాలే తాగింది. ఇప్పుడే మిగిలిన సీసా తెచ్చి చూశాను. సన్న అక్షరాల్లో ఉంది, పాలిచ్చే పశువులకు వాడరాదని.


ప్రయోగశాల మిత్ర
ఆగస్టు 10, ఉదయం 9:30

నేను పేడ, రక్త పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. పాకాల అక్కా, పేడ తీసుకెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. నేల మీద పడింది ఎత్తవద్దు, అందులో మట్టిలో తిరిగే పురుగుల గుడ్లు కూడా కలుస్తాయి. చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని నేరుగా మలద్వారం నుంచి తీయండి. దూడకైతే రెండు వేళ్లు చాలు. చిన్న నిమ్మకాయంత సరిపోతుంది. మూత గట్టి డబ్బాలో నిండా నింపి, చల్లగా ఉంచి అదే రోజు ఇవ్వండి. ఎండలో మోటారు సైకిలు డిక్కీలో చాలాసేపు ఉంచితే గుడ్లు పొదిగిపోతాయి, మాకు లెక్క దొరకదు. డబ్బా మీద పశువు వయసు రాయండి. చాలామంది రాయరు, మాకు అదే ముఖ్యం.

సూక్ష్మదర్శిని కింద ఈ ఏలికపాము గుడ్డును ఒకసారి చూస్తే మర్చిపోలేరు. గోళీలా గుండ్రంగా ఉంటుంది. మందమైన పెంకు, దాని మీద సూదితో పొడిచినట్లు సన్నటి గుంటలు. జలగ గుడ్లు అలా ఉండవు. పెద్దవి, కోలగా, ఒక కొసన మూతతో ఉంటాయి. కార్జపు జలగ గుడ్డు పసుపు రంగులో, పొట్ట జలగ గుడ్డు గాజులా తెల్లగా కనిపిస్తుంది. నట్ట గుడ్లు ఉప్పునీటిలో తేలతాయి, జలగ గుడ్లు బరువెక్కువ కాబట్టి అడుగుకు దిగుతాయి. అందుకే రెంటికీ పరీక్ష వేరు. జలగల అనుమానం ఉంటే ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే ఉప్పునీటిలో తేల్చే పరీక్ష ఒక్కటే చేసి ఏమీ లేవని రాసే అవకాశం ఉంది.

ఇంకొకటి. పన్నెండు రోజుల దూడ పేడలో గుడ్లు కనిపించలేదని మందు మానేయవద్దు. పురుగులు ఉంటాయి, గుడ్లు పెట్టే వయసు ఇంకా రాలేదు.


పాకాల పాడి
ఆగస్టు 12, సాయంత్రం 6:50

దూడ బతికే ఉంది. ముందు ఆ మాట చెప్పాలని రాస్తున్నాను.

మొన్న ఉదయం ఆటోలో తీసుకెళ్లాం. పేడలో ఏలికపాము గుడ్లే, చాలా ఎక్కువగా ఉన్నాయన్నారు. మొదట సెలైన్ ఎక్కించారు. ఛాతీ చుట్టుకొలత 30 అంగుళాలు, పొడవు 25 అంగుళాలు కొలిచి, 34 కిలోలు అని లెక్కగట్టి పైపరజీన్ తాగించారు. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి దూడ మూలిగింది. లాంతరు పట్టుకుని వెళ్లాను. పేడతో కలిసి పడ్డాయి. పాల మీగడ రంగులో, నున్నగా, నా చిటికెన వేలిలో సగం లావున. ఒకటి ఇంకా కదులుతోంది. పుల్లతో పక్కకు తీసి లెక్కపెట్టాను, 23. అతి పెద్దది జానెడు కంటే పొడవుంది. ఆ తర్వాత మధ్యాహ్నం మరో 8 పడ్డాయి. ఇంత చిన్న కడుపులో 31 పాములు! పోయిన మూడు దూడలు గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోయాను.

పారుడు తగ్గుముఖం పట్టింది. ఈ రోజు సాయంత్రం పొదుగును రెండుసార్లు కుమ్మింది.


చెరువుకట్ట
ఆగస్టు 12, సాయంత్రం 7:30

చాలా సంతోషం, అమ్మా. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. డాక్టర్ గారూ, ఒక సందేహం. మేము వేపాకు పోసిన దూడలు కొన్ని బతికాయి, నాలుగైదు నెలలకు వాటి పొట్ట కూడా తగ్గింది. అది మందు గుణం కాదా?


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 12, రాత్రి 8:40

పెద్దాయనా, నాలుగైదు నెలల వయసుకు దూడకు సొంత రోగనిరోధక శక్తి వస్తుంది. అప్పుడు ఈ ఏలికపాములను దూడ శరీరమే బయటికి నెట్టేస్తుంది. ఏ మందూ వేయకపోయినా ఆ వయసుకు అవి పోతాయి. ఆ లోపల తట్టుకుని నిలిచిన దూడలే మీకు గుర్తున్నాయి. అయితే అవి కూడా ఎదుగుదలలో వెనకబడి ఉంటాయి. పెయ్య అయితే ఎదకు రావడం ఆలస్యమవుతుంది. మీరు చేసింది ప్రేమతో చేశారు, అందులో సందేహం లేదు. కానీ దూడ ఓర్చుకునేదాకా ఎదురుచూడాల్సిన అవసరం ఇప్పుడు లేదు.


ములుగు గోశాల
ఆగస్టు 13, ఉదయం 10:00

మా దగ్గర నాటు ఆవులు. రెండు నెలల దూడకు పేడలో నెత్తురు, జిగురు పడుతున్నాయి, ముక్కుతోంది. ఇదీ ఇదేనా? ఇంకొకటి, మేము ఇంట్లో జున్ను చేసుకుంటాం. పాలలో పురుగులంటే భయంగా ఉంది.


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 13, మధ్యాహ్నం 1:15

నెత్తురు, జిగురు, ముక్కడం ఉంటే కాక్సిడియా అనే సూక్ష్మజీవిని అనుమానించాలి. అది నట్ట కాదు. నట్టల మందులు దాని మీద పనిచేయవు. ఆంప్రోలియం, సల్ఫా మందులు వేరే ఉంటాయి. ఇవాళే పేడ పరీక్ష చేయించండి.

దూడ పారుడుకు వయసే పెద్ద గుర్తు. మొదటి నాలుగైదు రోజుల్లో వస్తే ఎక్కువగా బాక్టీరియా వల్ల. వారం, రెండు వారాలకు వస్తే రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి. ఈ క్రిప్టో మనుషులకూ అంటుకుంటుంది, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూడు వారాలు దాటితే నట్టలు, కాక్సిడియా. అన్నిటికీ ఒకే సీసా పోయడం వల్లే దూడలు పోతున్నాయి.

జున్ను గురించి భయం లేదు. ఆవిరి మీద ఉడికిన జున్నులో, కాచిన పాలలో ఏ పురుగూ బతకదు. పచ్చి పాలు తాగే అలవాటు ఉంటే మానండి.


పాకాల పాడి
ఆగస్టు 15, రాత్రి 8:30

ఇంకొక సంగతి అడగాలి. దూడ తల్లి గురించి. సాయంత్రం మేత నుంచి వచ్చేసరికి దవడ కింద సంచిలా నీరు దిగి ఉంటోంది, నొక్కితే గుంట పడుతోంది. పొద్దున్నకు కొంచెం తగ్గుతుంది. పాలు పూటకు నాలుగు లీటర్ల నుంచి రెండున్నరకు పడ్డాయి. ఎండాకాలమంతా చెరువు శిఖంలోనే (నీరు తగ్గాక బయటపడే చెరువు నేల) మేపాం, ఎక్కడా పచ్చిక లేనప్పుడు అక్కడ మాత్రం మోకాలెత్తు గడ్డి ఉంటుంది. దీనికే కదా నేను సీసా మొత్తం పోసింది! ఆల్బెండజోల్, 90 మిల్లీలీటర్లు.


మెట్‌పల్లి మంద
ఆగస్టు 15, రాత్రి 9:10

అక్కా, నాకు గొర్రెలు, రెండు బర్రెలు ఉన్నాయి. దవడ వాపు మా గొర్రెల్లో చూసి చూసి ఉన్నాను. శిఖం గడ్డి అనగానే నాకు జలగలు గుర్తొచ్చాయి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు వచ్చాక మా దగ్గర పొలాలు, కాలువలు ఎండే రోజులే తక్కువ. నత్తలకు ఏడాదంతా పండగే.

మందు గురించి నా అనుభవం. ఒకే మందును మూడేళ్లు రెండు నెలలకోసారి, కంటి అంచనాతో పోశాను. చివరికి అది పనిచేయడం మానేసింది. ఆల్బెండజోల్ నుంచి ఫెన్‌బెండజోల్‌కు మారితే మందు మార్చాననుకున్నాను. రెండూ ఒకే కుటుంబం అని, ఒకదానికి అలవాటు పడిన నట్ట రెండోదానికీ లొంగదని తర్వాత తెలిసింది. డబ్బా రంగు మారితే మందు మారినట్లు కాదు.


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 15, రాత్రి 10:30

మెట్‌పల్లి తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. అమ్మా, లెక్క చేద్దాం. మీ బర్రె ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత ఎంత ఉంది, భుజం ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు ఎంత ఉంది, అంగుళాల్లో కొలిచి చెప్పండి.


పాకాల పాడి
ఆగస్టు 16, ఉదయం 6:30

చుట్టుకొలత 78, పొడవు 60.


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 16, ఉదయం 8:00

78ని 78తో గుణించి, వచ్చినదాన్ని 60తో గుణించి, 660తో భాగించండి. 553 కిలోలు వస్తుంది. ఇది ఉజ్జాయింపే అయినా కంటి అంచనా కంటే నయం.

మామూలు నట్టలకు ఆల్బెండజోల్ కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు కావాలి. 553 కిలోలకు దాదాపు 4,150 మిల్లీగ్రాములు. మీరు పోసిన సీసా 2.5 శాతానిది అయితే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 90 మిల్లీలీటర్లలో 2,250. అంటే కావలసినదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ. మీ బర్రెకు 166 మిల్లీలీటర్లు పడాలి. సగం మోతాదు చాలా కీడు చేస్తుంది. బలహీనమైన నట్టలు చస్తాయి, మందును తట్టుకునేవి మిగిలి వాటి సంతానమే పెరుగుతుంది. సీసా పరిమాణం దుకాణం సౌకర్యం కోసం ఉంటుంది, పశువు బరువును బట్టి కాదు.

ఇక జలగలు. కార్జపు జలగకు ఆల్బెండజోల్ మోతాదు ఇంకా ఎక్కువ కావాలి, అదీ పూర్తిగా పెరిగిన జలగల మీదే పనిచేస్తుంది. మన దగ్గర ఉండేది ఫాసియోలా జైగాంటికా. దాని గుడ్డు పేడతో నీళ్లలో పడి, పొదిగి, నత్తలోకి దూరి పెరిగి, బయటికి వచ్చి గడ్డి పరకకు అంటుకుంటుంది. చెరువు నీరు వెనక్కి తగ్గేకొద్దీ శిఖంలో మొలిచే పచ్చిక అంతా అలాంటి పరకలే. పశువు మేసిన తర్వాత అది కార్జంలో పెరిగి గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఏప్రిల్, మేలో మేసింది ఆగస్టులో బయటపడుతోంది. జలగలు కార్జాన్ని పాడుచేసి నెత్తురు పీల్చడంతో రక్తంలో మాంసకృత్తులు తగ్గిపోతాయి. తల దించి మేసేసరికి నీరు దవడ కిందికి దిగుతుంది. పొట్ట జలగలు, నెత్తురు పీల్చే నట్టలు కూడా ఈ వాపు తెస్తాయి. అందుకే అడుగుకు దింపే పరీక్ష, తేల్చే పరీక్ష రెండూ చేయించండి.

కార్జపు జలగ అని తేలితే ట్రైక్లాబెండజోల్ చిన్న జలగలను కూడా చంపుతుంది. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగల మీద, పొట్ట జలగల మీద పనిచేస్తుంది. ఏ మందు అయినా పాలు ఎన్ని రోజులు వాడకూడదో డబ్బా మీద చూసి, డాక్టరును అడిగి, ఆ రోజులు పాలు పోయకండి. నష్టమే, కాదనను.

తాగించే పద్ధతి కూడా చెబుతాను. తల పైకెత్తి, నాలుక బయటికి లాగి వెదురు గొట్టంతో గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల నేలకు సమాంతరంగా ఉంచి, నోటి పక్క నుంచి, గుటక వేసేదాకా ఆగి ఆగి పోయాలి. దగ్గితే వెంటనే తల వదిలేయాలి.

చూడి పశువులున్నవాళ్లు గమనించండి. కట్టిన మొదటి 45 రోజుల్లో ఆల్బెండజోల్ వాడకూడదు, పిండానికి చేటు. ఫెన్‌బెండజోల్ ఆ విషయంలో నయం.


జమ్మికుంట రైతు
ఆగస్టు 16, రాత్రి 9:00

లెక్క చూసి మా బర్రెలను కొలిచాను. ఆరింటికీ ఒకే మోతాదు వేయిస్తున్నాను ఇన్నాళ్లూ. చిన్నది 410 కిలోలు, పెద్దది 580. ఈసారి ముందు పేడ పరీక్ష చేయిస్తాను. డాక్టర్ గారూ, మందు పనిచేసిందో లేదో తెలిసేది ఎలా?


ప్రయోగశాల మిత్ర
ఆగస్టు 17, ఉదయం 9:20

అన్నా, మందు వేసే రోజు పేడ ఇవ్వండి, 10 నుంచి 14 రోజుల మధ్య అదే పశువు పేడ మళ్లీ ఇవ్వండి. గ్రాముకు ఎన్ని గుడ్లు అన్నది రెండుసార్లూ లెక్కపెడతాం. 95 శాతం కంటే తక్కువ తగ్గితే మందుకు నట్టలు అలవాటు పడ్డాయేమోనని అనుమానించాలి. రెండో డబ్బా తెచ్చేవాళ్లు అరుదు. ఆ రెండో డబ్బాతోనే కదా మందు సంగతి తేలేది.


పాకాల పాడి
ఆగస్టు 22, సాయంత్రం 7:00

తల్లికి కార్జపు జలగలే. బరువు ప్రకారం మందు పడింది. పాలు కేంద్రానికి పోయలేదు. ఆ డబ్బు లేక ఈ నెల దాణా అప్పు తెచ్చాం. మా ఆయనకు మొదట కోపం వచ్చింది, కానీ మా ఇంటి పక్క బాలింత కూడా మన పాలే తీసుకుంటుందని గుర్తుచేస్తే ఇంకేమీ అనలేదు.

దూడలు ఉండే మూల మట్టి నేలను జానెడు లోతు తవ్వి పారేసి కొత్త మొరం పోశాం. మూడు దూడలు పారుకున్నది అక్కడే. ఇప్పుడు ఆలోచిస్తే తల్లులు నాకింది కూడా ఆ నేలనే. పేడ రోజూ ఎత్తి దూరంగా గుంతలో వేసి కప్పుతున్నాం. శిఖం వైపు పశువులను తోలడం మానేశాం. గడ్డి తక్కువైన రోజున మాత్రం కష్టంగానే ఉంది.

రెండో బర్రె ఈ వారంలో ఈనేలా ఉంది. పొదుగు దిగింది.


మానేరు పశువైద్యుడు
ఆగస్టు 22, రాత్రి 8:15

ఆ మట్టి తవ్వడం చాలా మంచి పని. ఈ గుడ్ల పెంకు మందం, తడి నీడలో నెలల తరబడి బతుకుతాయి. మామూలుగా సున్నం చల్లితే చావవు. ఎండ, పొడి వాటికి శత్రువులు. ఆ మూలకు ఎండ పడేలా పైన రెండు రేకులు తీయగలిగితే తీయండి. రెండో బర్రె ఈనిన తేదీ రాసి పెట్టుకోండి.


పాకాల పాడి
అక్టోబర్ 9, రాత్రి 8:50

చాలా రోజులకు వచ్చాను, క్షమించండి. కోతల ముందు పనులు.

రెండో బర్రె ఆగస్టు 29 రాత్రి ఈనింది. ఈసారి దున్న దూడ. మాయ కోసం ఆగలేదు. దూడ లేచి నిలబడగానే పొదుగు దగ్గర పెట్టాం. సెప్టెంబర్ 8న, పదో రోజు, డాక్టరు గారు బరువు కొలిచి మందు తాగించారు. అప్పుడు దానికి ఏ జబ్బూ లేదు, ఎగురుతోంది. బాగున్న దూడకు మందు ఎందుకని అత్తమ్మ అడ్డం వచ్చింది. పెద్ద దూడకు పడిన 31 పాముల సంగతి గుర్తుచేశాను. ఆమే తల పట్టుకుంది.

నిన్నటికి 40 రోజులు. పేడ పరీక్షకు ఇచ్చాను. ఏలికపాము గుడ్డు ఒక్కటీ లేదు. వెంట్రుకలు నూనె రాసినట్లు ఉన్నాయి. పెద్ద దూడకు ఇవాళ్టికి 86 రోజులు, ఛాతీ 36 అంగుళాలు, పొడవు 29. లెక్క వేస్తే 57 కిలోలు. తల్లికి దవడ వాపు పోయింది, పూటకు మూడున్నర లీటర్లు ఇస్తోంది.


జమ్మికుంట రైతు
అక్టోబర్ 9, రాత్రి 9:25

అక్కా, ఈ మాట కోసమే రోజూ వచ్చి చూస్తున్నాను. మా ఆరింటిలో రెండింటికే నట్టలు ఉన్నాయని పరీక్షలో తేలింది. ఆ రెండింటికే మందు వేశాం. రెండో డబ్బా కూడా ఇచ్చాను.


చెరువుకట్ట
అక్టోబర్ 10, ఉదయం 5:50

అమ్మా, మా బర్రె నిన్న తెల్లవారుజామున ఈనింది. పెయ్య దూడ. మాయ పడకముందే తాగించాను, మా ఇంట్లో ఇదే మొదటిసారి. కొట్టం గుంజ మీద సుద్దతో 19 అని రాసుకున్నాను. ఆ రోజుకు డాక్టరు గారికి ఇప్పుడే చెప్పి ఉంచుతాను. బరువు కొలిచే టేపు మీరు ఎక్కడ కొన్నారు?


పాకాల పాడి
అక్టోబర్ 10, ఉదయం 6:15

దర్జీ దగ్గర ఉండే టేపే, పెద్దాయనా. 60 అంగుళాలు ఉంటుంది, దూడకు సరిపోతుంది. పెద్ద బర్రెకు చాలదు. దానికి తాడు చుట్టి ముడి వేసి, తర్వాత ఆ తాడును టేపుతో కొలవండి. గట్టిగా బిగించకండి, తాడు కింద రెండు వేళ్లు కూడా దూరేంత వదులు వద్దు. దూడ ఫొటో పెట్టండి.